కార్పొరేటర్ నామినేషన్: మూడు గంటలు కొట్టేలోపు

గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌కు 2020 ఎన్నికల నోటిఫికేషన్ నవంబరు 17న వచ్చింది. 18, 19, 20 తేదీల్లో నామినేషన్లు, 21న పరిశీలన, 22 మధ్యాహ్నం మూడింటికి ఉపసంహరణ గడువు. నామినేషన్లు తీసుకునేది రోజూ పదకొండు నుంచి మూడు దాకా. అంటే నోటిఫికేషన్ వచ్చాక కాగితాలు చూసుకుందాంలే అనుకున్నవాళ్లకు దక్కింది మొత్తం పన్నెండు గంటలు. డిసెంబరు 1 పోలింగ్‌లో ఓడినవాళ్ల లెక్క అందరికీ తెలుసు. ఈ పన్నెండు గంటల్లోనే ఓడిపోయేవాళ్ల లెక్క ఎవరూ రాయరు. అభ్యర్థుల కాగితాలు సిద్ధం చేసే బల్ల దగ్గర కూర్చున్న అనుభవంతో, ఏ కాగితం ఎక్కడ దెబ్బ కొడుతుందో చెబుతాను.

మొదట పోటీకి అర్హత. వయసు 21 నిండాలి. ఎమ్మెల్యేకి 25 కావాలి కదా అని చాలామంది వెనక్కి తగ్గుతారు, కానీ రాజ్యాంగం 243వి అధికరణమే మున్సిపల్ ఎన్నికలకు 21 చాలని చెప్పింది. అభ్యర్థి కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటరైనా సరే, ఏ డివిజన్ నుంచైనా నిలబడవచ్చు. 2020లో అంబర్‌పేటలో ఓటు ఉన్నవాళ్లు కూకట్‌పల్లిలో పోటీ చేయగలిగేవాళ్లు. ప్రతిపాదించే మనిషికి మాత్రం ఆ వెసులుబాటు లేదు. ఆయన ఓటు అభ్యర్థి పోటీ చేసే డివిజన్‌లోనే ఉండాలి. ప్రతిపాదకుడు ఒక్కరు చాలు. స్వతంత్రులకు పదిమంది కావాలన్నది అసెంబ్లీ, పార్లమెంటు లెక్క. దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టుకుని కంగారు పడొద్దు.

ఆ ఒక్క ప్రతిపాదకుడి దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. డివిజన్ హద్దు చాలాచోట్ల నడిరోడ్డు మీద నుంచి పోతుంది. గల్లీకి ఇటు ఇళ్లు ఒక డివిజన్, అటు ఇళ్లు ఇంకో డివిజన్. పదేళ్లుగా పక్కనే తిరుగుతున్న మనిషి, రోజూ టీ తాగే దోస్తు, కాబట్టి మన డివిజనే అనుకుంటాం. జాబితా తీస్తే ఎదురు డివిజన్‌లో ఉంటాడు. ఇంకో రకం: ఇల్లు మారి మూడేళ్లయినా ఓటు పాత అడ్రసులోనే ఉంటుంది. ఓటరు కార్డు చూసి ఇది తేల్చలేం. కార్డు మీదుండేది అసెంబ్లీ నియోజకవర్గం, దాని పార్టు నంబరు. ఫారంలో రాయాల్సింది వార్డువారీ (డివిజన్‌నే కాగితాల్లో వార్డు అంటారు) జాబితాలోని నంబర్లు. ఈ రెండూ ఒకటి కావు. కార్డు చూసి నింపిన ఫారం పరిశీలనలో జాబితాతో సరిపోలదు.

అందుకే నేను చేసే పద్ధతి ఇది. వార్డువారీ తుది జాబితా వచ్చిన రోజే (2020లో అది నవంబరు 13) దాని కాపీ తీసుకోవాలి. అభ్యర్థి పేరు, ప్రతిపాదకుడి పేరు ఉన్న పేజీలు తీసి, వరస నంబరు కింద స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టాలి. ఫారంలో వార్డు నంబరు, పోలింగ్ స్టేషన్ నంబరు, వరస నంబరు ఆ పేజీ చూసే నింపాలి, నోటితో చెప్పించుకుని కాదు. ఒకరు చదవాలి, ఇంకొకరు రాయాలి, రాసింది మళ్లీ మొదటివాళ్లు చదవాలి. అభ్యర్థి ఓటు వేరే డివిజన్‌లో ఉంటే ఆ పేజీకి ధ్రువీకరించిన నకలు తీసుకుని జత చేయాలి, ఎందుకంటే ఇక్కడ నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి బల్ల మీద ఉండేది ఆయన డివిజన్ జాబితా. 2025 చివర్లో శివారు మున్సిపాలిటీలు వచ్చి కలిశాక హద్దులు మారాయి. పాత ఎన్నికలప్పుడు రాసిపెట్టుకున్న నంబర్లు ఎవరి దగ్గరైనా ఉంటే చింపేయడం మేలు.

ఫారం ఒక్క సెట్టు వేసి ఊరుకోవద్దు. ఒకే డివిజన్‌లో ఎన్ని సెట్లు వేసినా డిపాజిట్ ఒక్కసారే కడతారు. రెండో సెట్టుకు వేరే ప్రతిపాదకుణ్ణి పెట్టాలి. ఒకరి ఓటు తేడా కొట్టినా రెండోది నిలబడుతుంది. ఒకే ప్రతిపాదకుడితో నాలుగు సెట్లు వేసి ధీమాగా ఉండేవాళ్లను చూస్తే జాలేస్తుంది. పునాది ఒక్కటే అయినప్పుడు ఎన్ని అంతస్తులు లేపితే ఏం లాభం?

డిపాజిట్ 2020లో జనరల్ అభ్యర్థులకు 5,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 2,500. ఈ సగం రాయితీ రిజర్వుడు డివిజన్‌లోనే కాదు, జనరల్ డివిజన్‌లో నిలబడ్డా వర్తిస్తుంది. ఇక్కడో గుంట ఉంది. జనరల్ డివిజన్ కదా, కుల ధ్రువపత్రంతో పనేముందని బీసీ అభ్యర్థి 2,500 కట్టి వచ్చేస్తాడు. కులం రుజువు లేకపోతే అది రాయితీ డిపాజిట్ కాదు, తక్కువ పడిన డిపాజిట్. తక్కువ పడితే నామినేషన్ చెల్లదు. పత్రం చేతికి రాలేదనుకుంటే 5,000 కట్టి రసీదు తీసుకోవడమే తెలివైన పని. రెండున్నర వేలు చూసుకుని ఎన్నికే పోగొట్టుకోవడం దేనికి?

కుల ధ్రువపత్రం దగ్గర ఆడవాళ్లకు ఇంకో చిక్కు. కులం పుట్టుకతో వచ్చేది, పెళ్లితో మారదు. కాబట్టి తహసీల్దారు ఇచ్చే పత్రం మీద పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు ఉంటాయి. ఓటరు జాబితాలో అత్తింటి ఇంటిపేరు, భర్త పేరు. ఫారం మీద మూడో రకం. పరిశీలన రోజు ప్రత్యర్థి వకీలు లేచి, ఈ ముగ్గురూ ఒకరే అని రుజువేంటని అడుగుతాడు. 2020లో 150 డివిజన్లలో 75 మహిళలవి. అందులో 25 బీసీ మహిళలకు, 5 ఎస్సీ మహిళలకు, ఒకటి ఎస్టీ మహిళకు పోగా 44 జనరల్ మహిళలకు. అంటే ఇది ఒకరిద్దరి గోడు కాదు. పదో తరగతి మెమో, ఆధార్, పెళ్లి ధ్రువపత్రం, వీటిలో రెండు పేర్లూ కలిపే కాగితం ఏదో ఒకటి ఫైల్లో ఉండాలి. ఫారంలో పేరు మాత్రం ఓటరు జాబితాలో ఎలా ఉందో అలాగే రాయాలి. జాబితాలో అక్షరం తప్పున్నా సరే, ఆ తప్పుతోనే రాయాలి.

ఇక బకాయిలు. కార్పొరేషన్‌కు బాకీ ఉన్నవాళ్లు కార్పొరేషన్‌లో కూర్చోకూడదన్నది చట్టంలో ఉన్నదే, న్యాయమే కూడా. ఆస్తిపన్ను విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు: ఇంటి మీద ఒక పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు) నంబరుకి పన్ను కట్టి, అంతా కట్టేశామనుకోవడం. పై అంతస్తుకో, ముందున్న మడిగెలకో వేరే పీటీఐఎన్ ఉంటుంది, దాని మీద నాలుగేళ్ల బాకీ వడ్డీతో పేరుకుపోయి ఉంటుంది. అభ్యర్థి పేరు మీదున్న ప్రతి ఆస్తినీ రాసుకుని, ఒక్కో నంబరు విడిగా చూసుకుని, నోటిఫికేషన్‌కు నెల ముందే కట్టేసి, బాకీ లేదన్న పత్రం సర్కిల్ ఆఫీసు నుంచి తీసుకోవాలి. నామినేషన్ల మూడు రోజుల్లో ఆ కిటికీ దగ్గర నిలబడే చోటు ఉండదు. ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు రికార్డులోకి ఎక్కడానికి ఒక్కోసారి రోజు పడుతుంది, ఆ ఒక్క రోజే మన చేతిలో లేని రోజు.

పిల్లల సంఖ్య గురించి అందరూ అడుగుతారు. 2020 గ్రేటర్ ఎన్నికల్లో ఇద్దరికి మించి సంతానం ఉంటే అనర్హత అన్న నిబంధన ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని 2024 నవంబరులో శాసనసభ ఎత్తేసింది. అందుకని అక్కడి చుట్టాలు ఫోన్లో చెప్పింది విని ఇక్కడ నిలబడొద్దు, ఇక్కడి మాట విని అక్కడ మానుకోవద్దు. నోటిఫికేషన్ నాటికి మీ కార్పొరేషన్‌కు వర్తించే చట్టం ఏం చెబుతోందో అదే చూడాలి. ఈ నిబంధన ఉన్నచోట మూడో బిడ్డను దత్తతకు ఇచ్చేశామని చూపించే తెలివితేటలు పనిచేయవు. 2003లో జావేద్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది.

అఫిడవిట్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు: ఈ నాలుగింటి మీద అభ్యర్థి ప్రమాణపూర్వకంగా రాసివ్వాలి. కోర్టు కొట్టేసిన కేసులు, పెండింగ్ కేసులు ఏ గడిలో వెళ్లాలో చదువుకుని రాయాలి. ధర్నాలు, రాస్తారోకోలు చేసినవాళ్లకు తమ మీద ఎన్ని కేసులున్నాయో తమకే గుర్తుండదు. స్టేషన్ల వారీగా ఎఫ్ఐఆర్ నంబర్లు, కోర్టు నంబర్లు ముందే తెప్పించుకోవాలి. ఆస్తుల్లో భార్య లేదా భర్తవి, ఆధారపడినవాళ్లవి కూడా చూపాలి. తాకట్టులో ఉన్న బంగారం కూడా బంగారమే, బ్యాంకు లాకర్లో ఉందని వదిలేయకూడదు.

గడి ఏదీ ఖాళీగా వదలొద్దు. ఇది మళ్లీ మళ్లీ చెబుతాను. రిసర్జెన్స్ ఇండియా కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఖాళీలు వదిలితే ఓటరు తెలుసుకునే హక్కు దెబ్బతింటుంది; అధికారి నింపమని గుర్తుచేయాలి, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. లేనిచోట ‘లేదు’ అనో, సంబంధం లేనిచోట ‘వర్తించదు’ అనో అక్షరాలతో రాయాలి. అడ్డగీత గీసి వదిలేస్తే అది జవాబా, ఖాళీయా అని వాదన మొదలవుతుంది. ఖాళీలు ఉన్నాయని అధికారి ఇచ్చే నోటీసును జిరాక్స్ కాగితమనుకుని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లున్నారు. అది చేతిలో పడగానే విప్పి చదవాలి, పరిశీలన మొదలయ్యేలోపు నింపిన కొత్త అఫిడవిట్ ఇవ్వాలి.

ఇప్పుడు ఆఖరి రోజు మధ్యాహ్నం. పంతులుగారు పెట్టిన ముహూర్తం రెండూ నలభై అంటారు. బాజాలు, పూలదండలు, ఊరేగింపు అంతా వంద మీటర్ల అవతలే ఆపేస్తారు. లోపలికి వెళ్లేది నలుగురైదుగురు. మూడు కొట్టేసరికి గేటు వేస్తారు. అప్పటికి ఆవరణ లోపల ఉన్నవాళ్లకు చీటీలు ఇస్తారు, వెనక నుంచి మొదలుపెట్టి. చీటీ ఉన్నవాళ్ల నామినేషన్ రాత్రి ఎనిమిదైనా తీసుకుంటారు, లేనివాళ్లది మూడూ ఒకటైనా తీసుకోరు. చీటీ చేతికి వచ్చింది కదా అని కులపత్రం తేవడానికి ఒకరు బయటికి పోతే, ఆ మనిషిని మళ్లీ లోపలికి రానివ్వరు. అందుకే ఫైలు మొత్తం అభ్యర్థి చంకలో ఉండాలి, కార్లో కాదు. ముహూర్తం మీద నమ్మకం ఉంటే మొదటి రోజే మంచి గడియ చూసి ఒక సెట్టు వేయండి, ఆఖరి రోజు ఊరేగింపుతో రెండోది వేయండి. దేవుడికీ తృప్తి, గడియారానికీ తృప్తి.

ఫారం ఇచ్చాక రసీదు తీసుకోకుండా కదలొద్దు. అందులో పరిశీలన ఎన్ని గంటలకు, ఎక్కడ అన్నది ఉంటుంది.

పార్టీ అభ్యర్థులకు అసలు ఉత్కంఠ బీ-ఫారం, అంటే ఫలానావాళ్లే మా అభ్యర్థి అని పార్టీ రాసిచ్చే కాగితం. అసెంబ్లీకైతే నామినేషన్ ఆఖరి రోజు మూడింటికల్లా ఇచ్చేయాలి. 2020 గ్రేటర్‌లో బీ-ఫారానికి ఉపసంహరణ గడువు దాకా, అంటే 22 మధ్యాహ్నం మూడు దాకా సమయం ఉంది. ఈ రెండు రోజుల తేడాలోనే రాజకీయమంతా నడుస్తుంది. ముగ్గురు నలుగురు ఆశావహులు ఒకే పార్టీ పేరు రాసి నామినేషన్ వేసి కూర్చుంటారు, బీ-ఫారం ఎవరి చేతిలో పడితే వాళ్లే అభ్యర్థి. అది ఇంకుతో చేసిన అసలు సంతకంతో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో ప్రింటు, రబ్బరు స్టాంపు సంతకం చెల్లవు. అందులో వార్డు నంబరు, పేరు నామినేషన్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడికక్కడే సరిచూసుకోవాలి. పార్టీ ఆఫీసులో ఒకే రాత్రి నూటయాభై ఫారాలు నింపుతారు, చెయ్యి జారుతుంది. బీ-ఫారం రానివాళ్లు ఉపసంహరించుకోకపోతే స్వతంత్రులుగా మిగిలిపోతారు.

పరిశీలనకు అభ్యర్థి స్వయంగా వెళ్లాలి. వెళ్లలేకపోతే ఎన్నికల ఏజెంటునైనా పంపాలి. అక్షరదోషాలకు, సాంకేతికమైన చిన్న తప్పులకు నామినేషన్ తీసేయకూడదన్నది నియమం. గట్టి లోపం ఉంటేనే తిరస్కరించాలి. కానీ ఏది చిన్నది, ఏది గట్టిది అని ఆ గదిలో వాదించే మనిషి ఒకరు మన తరఫున ఉండాలి కదా. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడగాలి. కోర్టుకెళ్లి ఆ సాయంత్రమే ఎన్నిక ఆపించేద్దామంటే జరగదు. 1952లో పొన్నుస్వామి కేసు నుంచి ఉన్న సూత్రం ఇదే: నామినేషన్ తిరస్కరణ మీద పోరాటం ఎన్నికలు అయ్యాక ఎలక్షన్ పిటిషన్‌లోనే. ఆ కారణపత్రం అప్పుడు కావాలి.

ఉపసంహరణకు అభ్యర్థి సంతకం చేసిన నోటీసు కావాలి. దాన్ని ఆయనే ఇవ్వవచ్చు, లేదా రాతపూర్వకంగా అధికారం పొందిన ప్రతిపాదకుడో ఏజెంటో ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఖాళీ నోటీసు మీద ముందే సంతకం పెట్టి ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఎంత దగ్గరివాళ్లయినా సరే. రెండు డివిజన్లలో వేసినవాళ్లు ఒకటి ఉంచుకుని రెండోది ఈ గడువులోపే తీసేసుకోవాలి.

మూడు దాటాక తుది జాబితా, గుర్తులు. 2020లో ఇలా మిగిలినవాళ్లు 1,122 మంది. బ్యాలెట్‌లో గుర్తింపు పొందిన పార్టీలు పైన, స్వతంత్రులు అడుగున. ఒక్కో వర్గం లోపల తెలుగు అక్షరక్రమం. గుర్తింపు పార్టీలవాళ్లు వెళ్లిపోగానే ఇండిపెండెంట్లకు అసలు పని మొదలవుతుంది. ఏ పార్టీకీ కేటాయించని స్వేచ్ఛా గుర్తుల్లో ప్రాధాన్య క్రమంలో ఏవి కోరారో, ఇద్దరు ఒకటే కోరితే ఎవరికి పడిందో చూసుకోవాలి. గుర్తు ఎంచుకునేటప్పుడు నలుపు తెలుపు ముద్రలో, అర అంగుళం సైజులో, ముసలివాళ్ల కంటికి ఎలా కనిపిస్తుందో చూడాలి.

జాబితా గోడకి అంటించగానే ఫొటో తీసి పేరు, ఇంటిపేరు, గుర్తు అక్షరం అక్షరం సరిచూడాలి. 2020లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో పోలింగ్ మొదలయ్యాక బ్యాలెట్ మీద సీపీఐ కంకి కొడవలికి బదులు సీపీఎం సుత్తి కొడవలి నక్షత్రం పడిందని బయటపడింది. పోలింగ్ ఆపి డిసెంబరు 3న మళ్లీ పెట్టారు. పార్టీ అభ్యర్థి కాబట్టి పట్టుకున్నారు. ఇండిపెండెంటు గుర్తు మారితే పోలింగ్ ఏజెంటు లేని బూత్‌లో ఎవరు పట్టుకుంటారు?

డబ్బు సంగతి. 2020లో ఖర్చు పరిమితి 5 లక్షలు. ఓటర్లు దాదాపు 74 లక్షలు, డివిజన్లు 150, సగటున డివిజన్‌కు 49 వేల చిల్లర. అంటే ఓటరుకు పది రూపాయలు. (ఆ పది రూపాయల్లో హైదరాబాద్‌లో ఎన్నిక ఎలా చేస్తారన్నది వేరే శాస్త్రం.) నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకా ప్రతి ఖర్చూ లెక్కలోకే వస్తుంది. ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా పెట్టుకుని అందులోంచే ఇస్తే తర్వాత తలనొప్పి ఉండదు. కరపత్రం అడుగున ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేర్లు, చిరునామాలు లేకపోతే అదో కేసు. ఆటోకి మైకు పెట్టిన బిల్లు, కుర్చీల కిరాయి, చాయ్ బిల్లు, అన్నిటికీ ఓచరు రాసుకోవాలి. ఏ రోజుది ఆ రోజు రాయాలి. చివర్లో కూర్చుని ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది.

డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరోవంతుకు మించి రావాలి. 2020లో పోలింగ్ 46 శాతం పైచిలుకు. సగటు డివిజన్‌లో 22,500 ఓట్లు పడ్డాయనుకుంటే గీత 3,750 దగ్గర ఉంటుంది. ప్రధాన పార్టీలు మూడు గట్టిగా తలపడిన చోట నాలుగో మనిషికి అది అందదు. ఆ 5,000 ఖర్చులో రాసుకోవడమే.

లెక్కింపు గదికి ఏజెంట్లను పంపేటప్పుడు చెల్లని ఓటు ఏదో నేర్పి పంపాలి. డిసెంబరు 3 రాత్రి, ఓటు వేయడానికి ఇచ్చే స్వస్తిక్ ముద్ర కాకుండా వేరే ముద్ర పడ్డ బ్యాలెట్లనూ లెక్కించమని ఎన్నికల సంఘం ఆదేశం ఇస్తే, 4న తెల్లవారి లెక్కింపు వేళకు హైకోర్టు దాన్ని ఆపింది. నేరెడ్‌మెట్‌లో ఆధిక్యం కంటే అలాంటి ఓట్లే ఎక్కువ తేలడంతో ఫలితం ఆగి, డిసెంబరు 9న వచ్చింది.

ఫలితం వచ్చాక అందరూ మర్చిపోయేది ఖర్చు లెక్క. 45 రోజుల్లోగా ఇవ్వాలి. గెలిచినవాళ్లే కాదు, డిపాజిట్ పోయినవాళ్లు, నలభై ఓట్లు వచ్చినవాళ్లు కూడా. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. గెలిచినవాళ్లకైతే పదవికే ఎసరు. ఓడిన ఇండిపెండెంటు మళ్లీ ఆ ఆఫీసు గుమ్మం తొక్కడానికి ఇష్టపడడు, అక్కడే అయిపోతాడు. డిసెంబరు 4న ఫలితం వచ్చిన డివిజన్లకు ఆ గడువు జనవరి 18, నేరెడ్‌మెట్‌కు జనవరి 23. లెక్క ఇచ్చినప్పుడు రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకుని ఇంట్లో దాచుకోవాలి, అనర్హత నోటీసు ఎప్పుడైనా వస్తే చూపించాల్సింది ఆ కాపీనే.